కుళ్ళు కోసం కాచుకునే తోట

(మా గ్రంథాలయం నెలవారీ సభలో, మొక్కల తెగుళ్ళ శాస్త్రం బోధించి విరమించిన ఒక అధ్యాపకుడు ఫ్రాన్స్‌లోని ఇకెమ్ అనే వైన్ తోట గురించి చేసిన ప్రసంగం. ఆ రోజు రాలేకపోయినవారి కోసం రికార్డింగు విని టైపు చేశాం. తడబాట్లు మాత్రమే తీసేశాం.)

అందరికీ నమస్కారం. వెనక వరసల్లో వినబడుతోందా అండీ? ఆ, సరే.

ముందు నాదొక ప్రశ్న. మీలో వ్యవసాయం ఇంట్లో ఉన్నవాళ్ళు ఎంతమంది? చేతులెత్తండి. సగానికి పైనే ఉన్నారు. అయితే మీకు బోర్డో మిశ్రమం గురించి నేను చెప్పక్కర్లేదు. కిలో మైలుతుత్తం, కిలో సున్నం, వంద లీటర్ల నీళ్ళు. నిమ్మకి కొడతాం, తమలపాకు తోటలో పాదులకి పోస్తాం, కొబ్బరికి మొవ్వు కుళ్ళితే అక్కడా పోస్తాం. కలిపాక ఏం చేస్తాం? ఒక ఇనప కత్తి తీసుకుని అందులో కాసేపు ముంచి చూస్తాం. కత్తి మీద ఎర్రగా పూత పడితే మైలుతుత్తం ఎక్కువైందని లెక్క. ఇంకాస్త సున్నం తేట పోస్తాం. పూత పడకపోతే ఇక పంపులో పోసుకోవచ్చు. మన నాన్నల కాలం నుంచీ చేస్తున్న పనే కదా ఇది.

ఆ బోర్డో అనేది ఒక ఊరు. ఫ్రాన్స్‌లో నైరుతి మూల, అట్లాంటిక్ సముద్రానికి దగ్గర్లో ఉంటుంది. 1880ల్లో అక్కడి ద్రాక్షతోటలకి అమెరికా నుంచి వచ్చిన బూజు తెగులు పట్టుకుంది. ఆకులన్నీ రాలిపోతున్నాయి. మిలార్దే అని బోర్డోలో వృక్షశాస్త్రం చెప్పే ప్రొఫెసరు ఒక తోట పక్కన నడిచిపోతూ చూశాడు. లోపలి తీగలన్నీ మోడుబారి ఉన్నాయి, దారి పక్కన ఉన్న తీగలకి మాత్రం ఆకు పచ్చగా ఉంది. ఏమిటని అడిగితే తేలిందేమిటంటే, దారిన పోయేవాళ్ళు పళ్ళు కోసుకుపోకుండా ఆ వరసల మీద మైలుతుత్తం, సున్నం కలిపి చల్లారట! నీలంగా మరకలు కనబడితే విషం అనుకుని ఎవరూ ముట్టరు కదా. దొంగల కోసం చల్లింది తెగులుకి మందైంది. 1885లో ఆయన దాన్ని ప్రకటించాడు. అదీ మన బోర్డో మిశ్రమం కథ.

ఇవాళ నా విషయం ఇది కాదు లెండి. ఫ్రాన్స్ వైన్ తోట గురించి మాట్లాడతానని చెప్పి సున్నం, తుత్తం అంటాడేమిటని అనుకుంటున్నారేమో. ఎందుకు చెప్పానంటే, శిలీంధ్రాన్ని తరిమికొట్టే మందుని ప్రపంచానికిచ్చిన అదే బోర్డో ప్రాంతంలో, ఊరికి ఆగ్నేయంగా నలభై కిలోమీటర్ల పైచిలుకు దూరంలో ఒక తోట ఉంది. ఆ తోటవాళ్ళు ఏటా సెప్టెంబరు వచ్చేసరికి తమ పళ్ళకి శిలీంధ్రం ఎప్పుడు పడుతుందా అని ఎదురుచూస్తూ కూచుంటారు. పట్టకపోతే దిగులు పడతారు. అవునండీ, పట్టకపోతేనే!

ఆ తోట పేరు షాతో దికెమ్. ఇకెమ్ అంటే చాలు, వైన్ తెలిసినవాళ్ళు ఎక్కడున్నా లేచి నిలబడతారు. ఉన్న ఊరు సోటెర్న్.

ఇక్కడ నా పాత విద్యార్థులు కొందరు కనబడుతున్నారు కాబట్టి ముందే చెప్పేస్తాను, ఇది మన ద్రాక్షకి వచ్చే బూజు తెగులు కాదు, బూడిద తెగులూ కాదు. దీని పేరు బోట్రైటిస్ సినీరియా. దీని దాయాది ఒకటి మనకి బాగా తెలుసు. మహబూబ్‌నగర్, నల్గొండ జిల్లాల్లో ఆముదం వేసిన వాళ్ళని అడగండి. గెల వేసే సమయానికి ముసురు పట్టిందంటే గెల మొత్తం బూడిద రంగు నూగుతో కప్పుకుపోయి, కాయలు మెత్తబడి రాలిపోతాయి. చేతికొచ్చిన పంట వారం తిరక్కుండా పోతుంది. ఆ కుటుంబం శిలీంధ్రమే ఇది కూడా. స్ట్రాబెర్రీకి, పాలీహౌస్ గులాబీకి వచ్చేది అయితే అచ్చంగా ఇదే.

మరి అలాంటిది ఇకెమ్‌లో వరం ఎలా అయింది? ఇక్కడే అసలు సంగతంతా ఉంది.

సోటెర్న్ పక్కన సిరోన్ అని ఒక చిన్న ఏరు. చెట్ల నీడల్లో పారి వస్తుంది కాబట్టి నీళ్ళు చల్లగా ఉంటాయి. అది వచ్చి గారోన్ అనే పెద్ద నదిలో కలుస్తుంది. గారోన్ నీళ్ళు దానికన్నా వెచ్చన. శరదృతువు రాత్రుల్లో ఈ చల్లదనం, ఆ వెచ్చదనం కలిసేచోట పొగమంచు పుడుతుంది. తెల్లవారేసరికి తోటలన్నీ మంచులో మునిగి ఉంటాయి. ఆ తడికి బోట్రైటిస్ విత్తులు మొలకెత్తి పండు తొక్కలోకి సన్నని పోగులు దింపుతాయి. అంతవరకూ మన ఆముదానికి జరిగేదీ, అక్కడ జరిగేదీ ఒకటే.

తేడా మధ్యాహ్నం వస్తుంది. పదకొండు, పన్నెండు అయ్యేసరికి మంచు విడిపోతుంది. ఎండ కాస్తుంది, గాలి వీస్తుంది. ఇకెమ్ గుట్ట మీద ఉంది కాబట్టి గాలి బాగా ఆడుతుంది. తడి ఆరిపోతే శిలీంధ్రం ఆగిపోతుంది. పండు చితకదు. కానీ తొక్కకి ఈ పోగులు వేసిన చిల్లులు ఉన్నాయి కదా, ఆ చిల్లుల్లోంచి పండులోని నీరు ఎండకి ఆవిరైపోతుంది. మర్నాడు పొద్దున మళ్ళీ మంచు, మధ్యాహ్నం మళ్ళీ ఎండ. బంగారు రంగులో ఉన్న పండు మచ్చలు పడి, వంగపండు రంగుకి తిరిగి, ఆఖరికి ముడతలు పడి, పైన బూడిద రంగు నూగుతో చూడ్డానికి అసహ్యంగా తయారవుతుంది. బజారులో మీకిస్తే విసిరికొడతారు. లోపల మాత్రం చక్కెర చిక్కబడి ఉంటుంది. అంతేకాదు, శిలీంధ్రం పండులోని ఆమ్లాన్ని కొంత తినేస్తుంది, గ్లిజరాల్ తయారుచేస్తుంది, మామూలు ద్రాక్షలో లేని వాసనలు పుట్టిస్తుంది. ఎండబెడితే చక్కెర చిక్కబడుతుంది, ఒప్పుకుంటాను. కానీ ఈ వాసనలు రావు.

మంచు ఉండి ఎండ రాకపోతే? ముసురు పట్టి నాలుగు రోజులు వాన పడితే? అదే శిలీంధ్రం పండుని చితక్కొట్టి పులిసిపోయేలా చేస్తుంది. మంచు లేకుండా ఎండే ఉంటే? శిలీంధ్రం రానే రాదు. అంటే ఈ తోట బతుకంతా ఒక పూట తడికి, ఒక పూట ఎండకి మధ్య నడుస్తుంది. ఇందులో మనిషి చెయ్యగలిగింది ఎంత? చాలా తక్కువ. కాచుకోవాలి, అంతే.

కాచుకుని, కొయ్యాలి. ఆ కోత ఎలా ఉంటుందో చెప్తాను. ఒక గుత్తిలో పళ్ళన్నిటికీ ఒకేసారి శిలీంధ్రం పట్టదు. నాలుగు పళ్ళు తయారై ఉంటాయి, పది ఇంకా పచ్చగా బిగువుగా ఉంటాయి, రెండు చెడ్డ కుళ్ళుతో ఉంటాయి. కోసేవాళ్ళు చిన్న కత్తెర పట్టుకుని తయారైన ఆ నాలుగు పళ్ళే తీసుకోవాలి. చెడ్డవి కత్తిరించి కింద పారెయ్యాలి. పచ్చివి తీగకే వదిలేసి, మళ్ళీ వారమో పది రోజులో ఆగి రావాలి. ఇలా ఒకే తోటని ఐదారుసార్లు తిరుగుతారు. కొన్నేళ్ళు ఇంకా ఎక్కువే. నూట యాభై, రెండు వందల మంది మనుషులు ఆరు వారాల పాటు అందుబాటులో ఉండాలి, వాన పడిన రోజున పని లేకపోయినా సరే. మంచి కుళ్ళేదో చెడ్డ కుళ్ళేదో చూపుతో, వేలితో, ఒక్కోసారి ముక్కుతో పోల్చుకోవాలి. మా తెగుళ్ళ శాస్త్రంలో రోగనిర్ధారణ అని పెద్ద పేరు పెట్టి రెండేళ్ళు నేర్పిస్తాం. అక్కడ పళ్ళు కోసేవాళ్ళు దాన్ని రోజుకి కొన్ని వేలసార్లు చేస్తారు. ఇకెమ్ గురించి ఎవరు రాసినా ప్రభువుల పేర్లే రాస్తారు. నాకైతే ఆ కత్తెరలు పట్టినవాళ్ళే ముందు.

ఇంతా చేస్తే వచ్చేదెంత? కాపులో ఉన్న తోట సుమారు వంద హెక్టార్లు, అంటే మన లెక్కలో రెండు వందల యాభై ఎకరాలు. హెక్టారుకి వచ్చే వైన్ తొమ్మిది వందల లీటర్లు. అదే బోర్డోలో మామూలు ఎర్ర వైన్ తోటకి నాలుగైదు వేల లీటర్లు వస్తుంది. ఒక తీగకి ఒక గ్లాసు, అదీ వాళ్ళు చెప్పే లెక్క. ఒక తీగని ఏడాది పొడుగునా సాకితే ఒక గ్లాసు!

తోటలో ఎక్కువ భాగం సెమియోన్ రకం, మిగతాది సొవిన్యోన్ బ్లాన్. సెమియోన్ తొక్క పల్చన, అందుకే శిలీంధ్రానికి లొంగుతుంది. రసం తీసేటప్పుడు ఒక తమాషా ఉంది. మామూలుగా ఏ పండు పిండినా మొదటి రసమే మేలైనది కదా. ఇక్కడ రెండోసారి, మూడోసారి పిండినప్పుడు వచ్చేదే ఎక్కువ తీపి. ముడతలు పడిన పండు అంత సులువుగా ఇవ్వదు మరి. ఆ రసం కొత్త ఓక్ పీపాల్లో పులుస్తుంది. ఉన్న చక్కెరంతా పులిస్తే ఇరవై శాతం ఆల్కహాల్ రావాలి. కానీ పదమూడు, పద్నాలుగు శాతానికి వచ్చేసరికి ఈస్టు చేతులెత్తేస్తుంది. లీటరుకి నూట ఇరవై గ్రాములో ఇంకా ఎక్కువో చక్కెర అలాగే మిగిలిపోతుంది. పాకంలో వేసిన ఉసిరికాయ ఎందుకు చెడిపోదో, ఈ వైన్ వందేళ్ళైనా ఎందుకు నిలబడుతుందో, కారణంలో సగం అదే. చిన్నప్పుడు లేత బంగారు రంగు, తరవాత తేనె రంగు, ముసలితనంలో దాదాపు కాఫీ డికాక్షన్ రంగు.

ముందు వరసలో ఒకాయన నవ్వుతున్నారు. మీరు తాగారా అనేగా? తాగానండీ. ఎప్పుడో ఒక సదస్సు విందులో, గ్లాసు అడుగున అంగుళం పోశారు. ఎండిన ఆప్రికాట్, నారింజ తొక్క, కొంచెం కుంకుమపువ్వు వాసన. తీపి నాలిక మీద పరుచుకుంటుంది, కానీ మొహం మొత్తదు, వెనకాలే పులుపు వచ్చి కడిగేస్తుంది. మింగేశాక కూడా చాలాసేపు నోట్లోనే ఉంటుంది. ఇంకో అంగుళం అడుగుదామనుకున్నాను, మొహమాటపడ్డాను.

ఇక చరిత్ర. మధ్యయుగంలో ఈ ప్రాంతం మూడు వందల ఏళ్ళ పాటు ఇంగ్లండు రాజులది. 1453లో ఫ్రాన్స్ చేతికొచ్చింది. 1593లో జాక్ సోవాజ్ అనే స్థానికుడు ఇకెమ్ మీద కౌలు హక్కు లాంటిది సంపాదించాడు. ఆ కుటుంబానికి పూర్తి యాజమాన్యం దక్కింది 1711లో. అంటే నూట పద్దెనిమిదేళ్ళు! 1785లో ఆ ఇంటి ఆడపిల్ల ఫ్రాన్స్వాజ్ జోసెఫీన్‌కి లూర్ సాలూస్ వంశపు కౌంట్‌తో పెళ్ళయింది. ఆయన పదిహేనో లూయీ రాజుకి బాప్తిస్మం నాటి ధర్మపుత్రుడు. మూడేళ్ళకే గుర్రం మీంచి పడి పోయాడు. ఆ మరుసటి ఏడాదే ఫ్రెంచి విప్లవం.

ఒక్కసారి ఆలోచించండి. నిండా ఇరవై ఏళ్ళు, భర్త లేడు, పేరు చూస్తే ప్రభువుల పేరు, ఊళ్ళో అలాంటి పేరున్నవాళ్ళ తలలు తెగుతున్నాయి. ఆమెని రెండుసార్లు జైల్లో పెట్టారు. ఆస్తి పోవాలి న్యాయంగా. పోలేదు. నిలబెట్టుకుంది. 1851లో చనిపోయేదాకా ఆ తోట ఆమె చేతిలోనే నడిచింది. 1826లో పీపాలు నిలవ చెయ్యడానికి తోటలోనే పెద్ద గిడ్డంగి కట్టించింది. అంతకుముందే అమెరికాకి అమ్మకాలు మొదలయ్యాయి. థామస్ జెఫర్సన్ అప్పుడు పారిస్‌లో అమెరికా రాయబారి. 1787లో బోర్డో వచ్చి తిరిగి చూసుకున్నాడు, ఆ డిసెంబరులో ఇకెమ్‌కి ఉత్తరం రాసి 1784 నాటి సీసాలు 250 తెప్పించుకున్నాడు. వెనక్కి వెళ్ళాక అధ్యక్షుడు వాషింగ్టన్ కోసం ముప్ఫై డజన్లు, తనకో పది డజన్లు మళ్ళీ రాశాడు.

ఈ జెఫర్సన్ వల్ల మన కాలంలో ఒక గొడవ కూడా జరిగింది. 1980ల్లో ఒక జర్మన్ సేకర్త, పారిస్‌లో గోడ వెనక దొరికాయంటూ కొన్ని పాత సీసాలు బయటపెట్టాడు. వాటి గాజు మీద జెఫర్సన్ పేరు పొడి అక్షరాలు చెక్కి ఉన్నాయి. అందులో ఇకెమ్ 1784 కూడా ఉంది. 1985లో లండన్ వేలంలో వాటిలోని లాఫీట్ అనే ఇంకో బోర్డో వైన్ సీసా ఒకటి లక్షా ఐదు వేల పౌండ్లకి పోయింది. అయితే జెఫర్సన్ ఎలాంటి మనిషి? పైసా ఖర్చు పెట్టినా రాసుకునే మనిషి. ఆయన ఇంటి మ్యూజియం వాళ్ళు కాగితాలన్నీ వెతికితే ఈ సీసాలు ఆయనవే అనడానికి ఆధారం దొరకలేదు. కొన్నవాళ్ళలో ఒక అమెరికన్ ధనవంతుడు నిపుణుల చేత పరీక్ష చేయిస్తే, ఆ అక్షరాలు కరెంటు పనిముట్టుతో చెక్కినవి అన్నారు. పద్దెనిమిదో శతాబ్దంలో కరెంటు పనిముట్టు! సరే, అది పక్కన పెడదాం.

1855లో పారిస్‌లో ప్రపంచ ప్రదర్శన పెట్టారు. మూడో నెపోలియన్ అడిగితే బోర్డో దళారులు తమ వైన్లకి తరగతులు కట్టి ఇచ్చారు. ఏ ప్రాతిపదిక మీద? ముఖ్యంగా ధర మీద. తీపి వైన్లలో మొదటి తరగతి, రెండో తరగతి అని రాసి, మొదటి తరగతికి కూడా పైన ఇంకో మెట్టు వేసి అక్కడ ఒక్క పేరే పెట్టారు. అది ఇకెమ్. నాలుగేళ్ళ తరవాత రష్యా జార్ తమ్ముడు గ్రాండ్ డ్యూక్ కాన్‌స్టంటైన్ 1847 పంట నాలుగు పీపాలు, అంటే తొమ్మిది వందల లీటర్లు, ఇరవై వేల బంగారు ఫ్రాంకులిచ్చి కొన్నాడు.

ఆ 1847 గురించి ఒక కథ చెప్తారు. యజమాని రష్యా వెళ్ళాడట, నేనొచ్చేదాకా కొయ్యద్దన్నాడట, రావడం ఆలస్యమైందట, పళ్ళు కుళ్ళాయట, చేసేదిలేక కోసి పిండితే అమృతమైందట. ఎవరో మర్చిపోతే, ఎవరో ఆలస్యంగా వస్తే గొప్ప వస్తువు పుట్టిందనడం మనకి ఎందుకో ఇష్టం. కానీ అది నిజం కాదు. సోటెర్న్‌లో ఆలస్యంగా కొయ్యడం పదిహేడో శతాబ్దం కాగితాల్లోనే ఉంది. హంగరీలో టోకాయ్ అనే చోట తీపి వైన్ చేసేవాళ్ళకి కూడా ఈ కుళ్ళు సంగతి ఎప్పుడో తెలుసు. ఇది అదృష్టం వల్ల తగిలింది కాదండీ. తరతరాలుగా తోటల్లో తిరిగినవాళ్ళు చూసి, భయపడి, రుచి చూసి, నెమ్మదిగా తెలుసుకున్నది.

ఇప్పుడు నేను చెప్పదలచుకున్న అసలు మాటకి వస్తాను. ఇకెమ్ గొప్పతనం ఎక్కడుంది? నేల అంటారు. నిజమే, పైన గులకరాళ్ళు, కింద బంకమన్ను. ఆ బంకమన్నులో నీళ్ళు నిలవకుండా పందొమ్మిదో శతాబ్దంలో నేల కింద వంద కిలోమీటర్ల మట్టి గొట్టాలు పరిచారు. పొగమంచు అంటారు. అదీ నిజమే. కానీ అదే మంచు పక్క తోటకీ పడుతుంది కదా. మరి పక్క తోట ఇకెమ్ ఎందుకు కాలేదు?

ఒక జాబితా చదువుతాను వినండి. 1910, 1915, 1930, 1951, 1952, 1964, 1972, 1974, 1992. ఇవి ఇరవయ్యో శతాబ్దంలో ఇకెమ్ పేరుతో తీపి వైన్ బయటికి రాని సంవత్సరాలు. తొమ్మిది. ఆ ఏళ్ళలో కూడా కత్తిరింపులు చేశారు, మందులు కొట్టారు, కూలీలిచ్చారు. పంట బాగోలేదు, మా పేరు వెయ్యం అన్నారు. పేరు లేకుండా దళారులకి చౌకగా ఇచ్చేశారు. నూరేళ్ళలో తొమ్మిది పంటలు వదులుకోవడమంటే మాటలా?

పక్కన ఇరవై ఎకరాలున్న రైతు ఈ పని చెయ్యగలడా? అతనికీ తెలుసు మంచి కుళ్ళు ఏదో. అతనికీ చేతనవును ఆరుసార్లు తిరగడం. కానీ అక్టోబరు రెండో వారంలో ఆకాశం నల్లబడితే అతని గుండె దడదడలాడుతుంది. బ్యాంకు అప్పుంటుంది, కూలీల డబ్బుంటుంది. ఉన్నది ఉన్నట్టు కోసేస్తాడు. తీపి చాలకపోతే పంచదార కలుపుతాడు, చట్టం కొంతమేరకి ఒప్పుకుంటుంది కూడా. 1960లు, 70ల్లో తీపి వైన్‌కి గిరాకీ పడిపోయినప్పుడు సోటెర్న్‌లో ఎంతోమంది చేసింది ఇదే. నేను వాళ్ళని తప్పు పట్టను. మన దగ్గర వాన మబ్బు చూసి పచ్చి మిరప కోసేసే రైతుని తప్పు పడతామా?

ఓపిక అనేది గుణం అంటాం. ఇకెమ్ చూస్తే నాకనిపించేది, ఓపికకి పెట్టుబడి కావాలి. నాలుగు వందల ఏళ్ళు చేతులు మారని భూమి, ఒక చెడ్డ ఏడుని మింగగలిగే ధర, అవి ఉన్నాయి కాబట్టి కాచుకోగలిగారు. కాచుకున్నారు కాబట్టి ఆ ధర వచ్చింది. ఏది ముందు, ఏది వెనక అంటే తేల్చడం కష్టం.

అయితే ఆ కుటుంబం కూడా చివరికి ఓపిక పట్టలేకపోయింది. వాటాలు చాలామంది చేతుల్లోకి చీలిపోయాయి. 1968 నుంచి తోట నడుపుతున్న అలెగ్జాండర్ ద లూర్ సాలూస్‌కి ఉన్న వాటా చిన్నది. 1996లో బంధువులు తమ వాటాలని ఎల్‌వీఎంహెచ్ అనే పెద్ద కంపెనీకి అమ్మేశారు. అదేనండీ, హ్యాండ్‌బ్యాగులు, సెంట్లు అమ్మే కంపెనీ. ఆయన కోర్టుకెక్కారు. 1999లో రాజీ కుదిరింది. 2004 దాకా ఆయనే నడిపి దిగిపోయారు. ఇక ఇకెమ్ పని అయిపోయింది, కంపెనీవాళ్ళు ఒక్క పంటైనా వదులుకుంటారా అన్నారు చాలామంది. నేనూ అలాగే అనుకున్నాను. 2012లో వానలు పడ్డాయి. ఆ డిసెంబరులో ప్రకటించారు, ఈ ఏడు ఇకెమ్ లేదు అని. కంపెనీకి ఆ పేరు విలువ తెలుసు మరి. దాన్ని ఓపిక అనాలా, లెక్క అనాలా, మీరే చెప్పండి.

ధరల గురించి ఎక్కువ చెప్పను. కొత్త పంట సీసాకే వందల యూరోలు. 2011లో, 1811 నాటి సీసా ఒకటి 75 వేల పౌండ్లకి అమ్ముడుపోయింది. 1811 అంటే తోకచుక్క కనబడిన సంవత్సరం. తెల్ల వైన్లలో అప్పటికి అదే రికార్డు.

ఎవరో చీటీ పంపారు. "మన ద్రాక్షతో ఇలాంటిది చెయ్యలేమా?" మంచి ప్రశ్న. చెయ్యలేమండీ. హైదరాబాదు చుట్టుపక్కల అనాబ్-ఎ-షాహీ తోటలు ఒక వెలుగు వెలిగిన రోజులు మీలో పెద్దవాళ్ళకి గుర్తుండే ఉంటాయి. మనం అక్టోబరులో కత్తిరిస్తే పళ్ళు ఫిబ్రవరి, మార్చి, ఏప్రిల్‌లో తయారవుతాయి. అప్పుడు మనకి మంచెక్కడిది? మండే ఎండలు. బోట్రైటిస్‌కి పదిహేను, ఇరవై డిగ్రీల చల్లదనం, పొద్దున తడి కావాలి. పోనీ అకాల వాన పడితే? పండు పగిలి నల్ల బూజు పడుతుంది, పులిసి వాసనొస్తుంది. అది చెడ్డ కుళ్ళే. దానికి మందు కొట్టుకోవాల్సిందే.

రెండో చీటీ ఆముదం గురించి. ఎవరండీ రాసింది? మీరా? ఏ మండలం? సరే, సభ అయ్యాక ఆగండి, గెల ఫోటో ఉంటే చూపించండి. మిగతావాళ్ళు అడగండి.